తిరుపతి తీరపు సన్యాసి పీత: జాతి పేరు రాయడానికి ముందు

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు అమల్లోకి రావడంతో తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది. అంతవరకు నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట, తడ, వాకాడు ప్రాంతాలు, శ్రీహరికోట దీవి, పులికాట్ సరస్సులో ఆంధ్రవైపు భాగం తిరుపతి జిల్లాలో చేరాయి. శేషాచలం అడవుల పుణ్యాన పేరుపడిన జిల్లా జీవజాతుల పట్టికలో ఇకమీదట ఉప్పునీటి ప్రాణులకూ చోటివ్వాలి. ఆ పట్టికలో సన్యాసి పీతల వరుసను ఎలా నింపాలన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న. తూపిలిపాలెం ఇసుకలోనో, పులికాట్ మొగ దగ్గరో శంఖంలో దూరిన చిన్న ఎండ్రకాయ ఒకటి దొరికిందనుకుందాం. ఫొటో చూసినవారు అది ఉష్ణమండలపు పగడపు దిబ్బల జాతి అన్నారనుకుందాం. ఆ మాటను ఏ ఆధారం మీద ఒప్పుకోవాలి, ఏ ఆధారం లేకపోతే పక్కన పెట్టాలి?

ప్రపంచంలో సన్యాసి పీతల జాతులు వెయ్యికి పైగా ఉన్నాయి. వీటి ముందు భాగం గట్టిగా ఉంటుంది, పొట్ట మాత్రం మెత్తగా, కుడివైపుకు మెలి తిరిగి ఉంటుంది. ఆ మెత్తని పొట్టను దాచుకోవడానికి చచ్చిన నత్తల శంఖాల్లో దూరతాయి. ఒళ్లు పెరిగేకొద్దీ శంఖం మారుస్తాయి. అనుభవం లేనివారికి మొదట ఎదురయ్యే చిక్కు ఇక్కడే ఉంది. ముందుగా కంటికి ఆనేది శంఖం, ఫొటోలో నిండుగా కనిపించేదీ శంఖమే. కానీ అద్దెయింటిని చూసి అందులో ఉన్నవారి ఇంటిపేరు చెప్పలేం కదా. ఒకే జాతి పీత నాలుగైదు రకాల శంఖాల్లో ఉండవచ్చు, ఒకే రకం శంఖంలో వేర్వేరు జాతుల పీతలు ఉండవచ్చు.

శంఖం ఆ చోటిదే కావాలన్న నియమం కూడా లేదు. శంఖం ఏళ్ల తరబడి చెడదు, కెరటాలతో కదిలిపోతుంది. బెర్ముడా దీవుల్లో నేలమీది సన్యాసి పీతలు శిలాజంగా మిగిలిన పాత నత్త శంఖాలను ఇప్పటికీ వాడుకుంటున్నట్టు పరిశోధకులు నమోదు చేశారు. పులికాట్ అడుగున పాత గుల్లల పొరలున్నాయి, సున్నం కోసం వాటిని తవ్విన చరిత్రా ఉంది. కాబట్టి పగడపు సముద్రాల నత్త శంఖంలో పీత కనిపించినా, ఆ పీత కూడా పగడాల దగ్గరి నుంచే వచ్చిందని తేలదు. యాత్రాస్థలాల అంగళ్లలో అమ్మే శంఖాల సంగతి చెప్పనే అక్కరలేదు. ఏ తీరానివో తెలియని ఆ గుల్లలు మన తీరపు జీవజాలానికి ఆధారం కాలేవు.

ఒంటి మీద చదవవలసిన గుర్తులు

ముందు చూడాల్సింది డెక్కలను. మన తీరంలో సాధారణంగా ఎదురయ్యే సన్యాసి పీతల్లో చాలావరకు డయోజెనిడే కుటుంబానివి. వీటిలో ఎడమ డెక్క పెద్దదిగా ఉంటుంది, లేదా రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. కుడి డెక్క స్పష్టంగా పెద్దదైతే అది పాగురిడే కుటుంబానిది కావచ్చు. ఈ ఒక్క పరిశీలనతోనే సగం పేర్లు పక్కకు తప్పుకుంటాయి. అయితే డెక్క ఊడిపోయి మళ్లీ పెరుగుతూ ఉంటే సైజు మోసం చేస్తుంది. అందుకే ఒక్క పీతను చూసి ఆగకుండా, అదే చోట ఉన్న మరికొన్నింటిని చూడడం మంచిది.

డయోజెనిడేలో మనకు పనికొచ్చే ప్రజాతులు ముఖ్యంగా నాలుగు. ఇసుక తీరాల్లో ఎక్కువగా కనిపించే చిన్న పీతలు డయోజెనిస్ ప్రజాతివి. రెండు కంటి కాడల మధ్య కదిలే చిన్న ముల్లు లాంటి భాగం వీటికి ప్రత్యేకం. చాలా జాతుల్లో మీసాలకు పొడవాటి నూగు ఉంటుంది, ఆ మీసాలను నీటిలో ఊపుతూ తేలివచ్చే ఆహారాన్ని పట్టుకుంటాయి. భూతద్దం లేకుండా ముల్లు కనపడదు గానీ మీసం ఊపడం మామూలు కంటికే కనిపిస్తుంది. రెండో ప్రజాతి క్లిబనేరియస్. దీని డెక్కలు రెండూ ఇంచుమించు సమానం, వేళ్ల కొనలు నల్లగా, కొమ్ములాంటి పదార్థంతో గరిటె ఆకారంలో ఉంటాయి. బురద, మడ చెట్లు, రాళ్లు, నదీముఖాలు, అన్నిచోట్లా ఈ ప్రజాతి జాతులు ఉన్నాయి.

మూడోది కాల్సినస్. పగడపు దిబ్బల జాతి అనే మాట వినగానే ఎక్కువగా గుర్తుకొచ్చేది ఇదే. ఎడమ డెక్క పెద్దగా, నున్నగా ఉంటుంది. వేళ్ల కొనలు నల్లగా ఉండవు, సున్నపు తెలుపులో ఉంటాయి. పీత శంఖంలోకి ముడుచుకున్నప్పుడు ఆ పెద్ద డెక్క తలుపులా వాకిలి మూసేస్తుంది. నాలుగోది డార్డానస్, వీటిలో పెద్ద సైజు జాతులు ఎక్కువ. కొన్ని తమ శంఖం మీద సముద్రపు ఎనిమోన్‌లను మోస్తూ తిరుగుతాయి. కాలేజీ జంతుశాస్త్రంలో సహజీవనానికి ఉదాహరణగా చదువుకున్న జంట ఇలాంటిదే.

ప్రజాతి వరకు రావడం కొంచెం ఓపిక ఉన్నవారెవరికైనా సాధ్యమే. చిక్కంతా అక్కడి నుంచి జాతికి దిగడంలో ఉంది. క్లిబనేరియస్ లాంగిటార్సస్ అన్న పేరు రాయాలంటే, నడిచే కాలి చివరి కణుపు దాని పైకణుపు కంటే పొడవుగా ఉందో లేదో కొలవాలి. కాళ్ల పక్కన నిలువుగా సాగే నీలి చార ఉందేమో చూడాలి. ఈ జాతి నదీముఖాల్లో, మడ అడవుల్లో బతకగలదు కాబట్టి పులికాట్ వంటి చోట దాని కోసం వెతకడం సహజం. దానికి దగ్గరి చుట్టాలైన క్లిబనేరియస్ పడవెన్సిస్, క్లిబనేరియస్ ఇన్‌ఫ్రాస్పైనేటస్, క్లిబనేరియస్ క్లిబనేరియస్ జాతుల మధ్య తేడాలు కణుపుల నిష్పత్తిలో, ముళ్ల అమరికలో, చారల రంగులో ఉంటాయి. ఫోన్‌లో పైనుంచి తీసిన ఒక్క ఫొటోలో ఇవేవీ కనిపించవు.

కొన్ని జాతులకు మాత్రం ఒక్క మంచి ఫొటో చాలు. డార్డానస్ మెగిస్టోస్ ఎర్రటి ఒంటి మీద నల్లని అంచున్న తెల్లని చుక్కలు ఉంటాయి, దాన్ని వేరే జాతిగా పొరబడడం కష్టం. ఫొటోతో జాతి చెప్పలేమని అన్నింటికీ ఒకే మాట అనేయడం కూడా సరైన శాస్త్రం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఏ గుర్తు కనిపిస్తోంది, ఆ గుర్తు ఎన్ని జాతులను తోసిపుచ్చగలదు అన్నదాన్ని బట్టి ప్రతి ఫొటో విలువ మారుతుంది.

రంగు చెప్పేది, రంగు దాచేది

మన తీరపు సన్యాసి పీతల మీద తొలి పెద్ద పని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో జంతుశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న జాన్ రాబర్ట్‌సన్ హెండర్సన్‌ది. భారతీయ పీతలు, రొయ్యల మీద ఆయన రాసిన విస్తృత పరిశీలన 1893లో లండన్ లినియన్ సొసైటీ సంపుటాల్లో అచ్చయింది. డయోజెనిస్ ప్లానిమానస్ అనే జాతికి అందులోనే ఆయన పేరు పెట్టాడు. తరువాత 1905లో కలకత్తా ఇండియన్ మ్యూజియం అధిపతి ఆల్ఫ్రెడ్ అల్కాక్ భారతీయ సన్యాసి పీతల పట్టికను ప్రచురించాడు. వంద సంవత్సరాలు దాటినా ఈ రెండు గ్రంథాలు తిరగేయకుండా ఈ పని ముందుకు సాగదు.

కానీ ఆ తరం పండితుల ముందు ఎక్కువగా ఉన్నది సారాయి సీసాల్లో నిలవ ఉంచిన నమూనాలు. ఆ ద్రావణంలో పీత ఆకారం నిలుస్తుంది, రంగు పోతుంది. కాల్సినస్ వంటి ప్రజాతిలో ఇది పెద్ద నష్టం, ఎందుకంటే అందులో చాలా జాతుల డెక్కలూ కవచాలూ ఒకే రకంగా ఉంటాయి. కంటి కాడ రంగు, కాళ్ల పట్టీలు, మీసాల రంగు, ఇవే వాటిని విడదీస్తాయి. బతికున్న పీతలను రంగు ఫొటోలు తీసి పోల్చడం మొదలయ్యాక ఒకటే అనుకున్న జాతుల్లో రెండు మూడు జాతులు బయటపడ్డాయి.

దీనికి మంచి ఉదాహరణ కాల్సినస్ గైమార్డి. 1848లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిల్న్ ఎడ్వర్డ్స్ పెట్టిన ఈ పేరు కింద హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ వరకు ఎన్నో నమోదులు పేరుకుపోయాయి. 1999లో ఇండొనేసియా పరిశోధకురాలు ద్వి లిస్త్యో రహాయు, ఫ్రాన్స్‌కు చెందిన జాక్ ఫారెస్ట్ కలిసి ఆ నమూనాలను తిరిగి పరిశీలించారు. గైమార్డిగా నమోదైనవాటిలో ఒక భాగం వేరే జాతి అని తేల్చి, దానికి కాల్సినస్ మోర్గాని అని పేరు పెట్టారు. కాబట్టి 1999కి ముందు ఎవరైనా భారత తీరం నుంచి గైమార్డి దొరికిందని రాసి ఉంటే, ఆ నమూనాను మళ్లీ చూడకుండా ఆ పేరును యథాతథంగా ఎత్తిరాయకూడదు. రాసినవారు అజాగ్రత్తపరులని దీని అర్థం కాదు. వారి కాలంలో అంతకు మించిన పేరు లేదు.

పేర్ల మార్పుల వల్ల వచ్చే ఇంకో చిక్కు పాత పుస్తకాలను వెతికేటప్పుడు ఎదురవుతుంది. ఇప్పుడు కాల్సినస్ లీవిమానస్ అంటున్న జాతిని పాత భారతీయ గ్రంథాల్లో కాల్సినస్ హెర్‌బ్స్టి పేరుతో వెతకాలి. ఈ సంగతి తెలియనివారు ఇంతకుముందే నమోదైన జాతిని దేశంలో తొలిసారి దొరికిందని ప్రకటించే ప్రమాదం ఉంది. ఏ కొత్త నమోదుకైనా ముందు పర్యాయనామాల పట్టిక చూడడం విధిగా పెట్టుకోవాలన్నది నా అభిప్రాయం.

పగడాలు లేని తీరంలో పగడపు జాతి

ఇక స్థలం సంగతి. భారతదేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే ఒండ్రు, మంచినీరు కారణంగా ఆంధ్ర తీరంలో అటువంటి దిబ్బలు పెరగలేదు. తిరుపతి జిల్లా తీరం దాదాపు అంతా ఇసుకే. దాని వెనక పులికాట్, కాళంగి నీళ్లు వచ్చి చేరే ఉప్పునీటి సరస్సు. ఈశాన్య రుతుపవనంలో వానలు పడ్డప్పుడు సరస్సు నీటిలో ఉప్పు బాగా తగ్గుతుంది. ఎండాకాలంలో మొగ పూడి, ఉత్తరపు భాగం ఎండిపోయేటప్పుడు సముద్రాన్ని మించి పెరుగుతుంది. ఇంత ఊగిసలాటను ఓర్చుకునే సన్యాసి పీతలు కొన్నే ఉంటాయి. పగడపు దిబ్బల స్థిరమైన నీటికి అలవాటుపడిన జాతి సరస్సు లోపల నిలదొక్కుకుంటుందని అనుకోవడం కష్టం.

అంతమాత్రాన రానే రాదనడం తొందరపాటు. సన్యాసి పీత పిల్లలు గుడ్డు వదిలాక కొన్ని వారాలు సముద్రంలో తేలుతూ గడుపుతాయి. మన తూర్పు తీరపు ప్రవాహం ఏడాదిలో దిశ మారుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరం వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణం వైపు సాగుతుంది. మన్నార్, పాక్ ప్రాంతాల పిల్లలు ఉత్తరానికి కొట్టుకురావడం అసాధ్యం కాదు. వచ్చినవాటికి నిలబడే చోటు కావాలి. ఒకప్పుడు ఈ తీరంలో రాయి అరుదు. ఇప్పుడు పొరుగునే నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం ఓడరేవు ఉంది, అలల తాకిడి ఆపే రాతి అడ్డుగోడలు అక్కడక్కడా లేచాయి. అటువంటి రాతి సందులు కాల్సినస్‌కు పనికొస్తాయా? ఆలోచించదగిన ఊహే. కానీ ఊహను ఊహగానే రాయాలి.

మరో సంగతిని కూడా తూకం వేయాలి. పగడపు దిబ్బల జాతి అన్నది నివాసాన్ని సూచించే మాట. అది వర్గీకరణ పదం కాదు. కాల్సినస్ లీవిమానస్ పగడపు తిన్నెల మీదే కాదు, ఆటుపోట్ల రాతి తీరాల మీదా ఉంటుంది. దాన్ని పగడాల జాతిగా ముద్ర వేసి, పగడాలు లేనిచోట ఉండదనడం ఎంత తప్పో, ఫొటోలో తెల్లటి డెక్క కనిపించగానే దాన్ని లీవిమానస్ అనడమూ అంతే తప్పు. ఫోన్‌లో పేరు చెప్పే యాప్‌ల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. అవి ఎక్కువ ఫొటోలున్న జాతుల వైపు మొగ్గే అవకాశం ఉంది. దిబ్బల దగ్గర ఈతగాళ్లు తీసే రంగురంగుల పీతలకు ఫొటోలు లెక్కలేనన్ని. మన బురదలో తిరిగే గోధుమరంగు క్లిబనేరియస్‌ను ఎవరు ఫొటో తీస్తారు?

తప్పు పేరు ఎంతకాలం బతుకుతుంది

పేరులో జాగ్రత్త ఎందుకంటే, పీతల్లోనే అందరికీ తెలిసిన మడ పీత కథ చెప్పాలి. పులికాట్ నుంచి గోదావరి వరకు జాలర్లకు మంచి ధర తెచ్చే పీత అది. ప్రజాతి పేరు సిల్లా. అందులో ఒక జాతికి తమిళనాడులోని తరంగంబాడి పేరు మీదుగా 1798లో ఫాబ్రిసియస్ పెట్టిన పేరు సిల్లా ట్రాంక్విబారికా. మన దేశంలో చాలాకాలం పెద్ద పీతను ట్రాంక్విబారికా అనీ, చిన్నదాన్ని సిల్లా సెర్రాటా అనీ రాస్తూ వచ్చారు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రపంచంలోని సిల్లా నమూనాలన్నింటినీ కలిపి పరిశీలించి నాలుగు జాతులను నిర్ధారించారు. 2014లో భారత తీరాల పీతల మీద జన్యు గుర్తులతో చేసిన ఒక పరిశోధన తేల్చిందేమంటే, మనం ట్రాంక్విబారికా అంటున్న పెద్ద పీత నిజానికి సెర్రాటా, సెర్రాటా అంటున్న చిన్నది ఒలివేసియా.

అంటే ఆ పాత పేర్లతో రాసిన పెరుగుదల లెక్కలు, గుడ్ల లెక్కలు, చెరువు పెంపకం సలహాలు ఎన్నో మరో జాతి ఖాతాలో పడ్డాయి. రెండింటి తేడా అసలు కంటికి తెలియనిదీ కాదు. సెర్రాటాకు కళ్ల మధ్య ఉన్న పళ్లు ఎత్తుగా, మొనదేలి ఉంటాయి. ఒలివేసియాకు అవి పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. గుర్తు కళ్లెదుటే ఉన్నా, అందరూ వాడుతున్న పేరును ప్రశ్నించకపోవడం వల్ల పొరపాటు దశాబ్దాలు సాగింది. తినే పీతకే ఇంత జరిగితే, ఎవరూ కొనని సన్యాసి పీత పేరు తప్పితే దాన్ని సరిదిద్దేవారు ఎప్పుడొస్తారు?

చీటీ మీద ఏం రాయాలి

జిల్లాల పేర్లు మారడం కూడా ఈ పనిలో భాగమే. తిరుమల కొండల బంగారు బల్లికి 1870లో బెడోమ్ శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆ కొండలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది, 2022లో తిరుపతి జిల్లా. సముద్రతీరానికీ ఇదే వర్తిస్తుంది. నెల్లూరు జిల్లా అని రాసిన పాత చీటీ, తిరుపతి జిల్లా అని రాసిన కొత్త చీటీ ఒకే ఇసుక తిన్నెవి కావచ్చు. మద్రాసు తీరం అని రాసిన ఇంకా పాత చీటీ ఎక్కడిదో చెప్పడం కష్టం. అందుకే ఊరి పేరుతో పాటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నీటి లోతు, ఉప్పదనం, పీత ఉన్న శంఖం రకం విడివిడిగా రాసి పెట్టాలి. శంఖం పేరు పీత పేరుకు ఆధారం కాకపోయినా, దాని జీవితానికి మంచి సమాచారమే.

ఫొటోలు తీసేటప్పుడు బతికుండగానే, రంగు పోకముందే తీయాలి. పైనుంచి కంటి కాడలు, తల కవచం స్పష్టంగా కనిపించేలా ఒకటి, ఎడమ డెక్క బయటి వైపు ఒకటి, ఎడమ మూడో కాలు పక్క నుంచి ఒకటి, పక్కన కొలబద్ద ఉండాలి. పీతను శంఖంలోంచి లాగకూడదు. అది వదలదు, ఒళ్లు తెగి చస్తుంది. నిశ్చలంగా ఉంచితే తనంతట తానే బయటికి వస్తుంది. పులికాట్‌లో అభయారణ్యం ఉంది, శ్రీహరికోట తీరం అంతరిక్ష కేంద్రం ఆంక్షల్లో ఉంది. అనుమతి లేకుండా సేకరించకూడదు. తీరం మీద చేతులతో వెతికి బతికే యానాదులకు, వల లాగే పట్టపువారికి ఏ పీత ఏ కాలంలో ఎక్కడ తిరుగుతుందో తెలుసు. ఆ మాటలను కూడా తేదీతో, చోటుతో రాసుకుంటే విలువైన ఆధారమవుతాయి.

పేరు రాయడంలో మెట్లున్నాయి, వాటిని వాడుకోవాలి. కంటి కాడల మధ్య ముల్లు కనిపించి అంతకు మించి తెలియకపోతే డయోజెనిస్ ప్రజాతి వరకు రాసి ఆగవచ్చు. అది అసంపూర్తి పని కాదు, నిజమైన సమాధానం. గుర్తులు చాలావరకు సరిపోయి ఒకటి రెండు చూడలేకపోతే, ఫలానా జాతితో పోల్చదగినది అని సూచించే సంప్రదాయ సంకేతంతో రాయాలి. గుర్తులన్నీ సరిపోయి, నమూనా ఒక గుర్తింపు పొందిన సంగ్రహంలో భద్రంగా ఉన్నప్పుడే పూర్తి పేరు. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1916 నుంచి చేస్తున్న పని అదే. 1954లో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐసర్ తిరుపతి వంటి చోట్ల జీవశాస్త్రం చదివే పిల్లలకు తీరం ఇప్పుడు సొంత జిల్లాలోనే ఉంది. డీఎన్‌ఏ పరీక్ష మంచి తోడు, కానీ దానితో పోల్చే నిధిలో ఉన్న క్రమానికే తప్పు పేరు అంటించి ఉంటే పరీక్ష ఆ తప్పునే తిరిగి చెబుతుంది. అందుకే నమూనా నిలవ ఉండాలి.

కాల్సినస్ ప్రశ్నకు జవాబు కావాలంటే వెతకాల్సిన చోటు ఇసుక తీరం కాదు, రాతి అడ్డుగోడల సందులు. ప్రవాహం ఉత్తరానికి సాగే ఫిబ్రవరి నుంచి మే వరకు ఒకసారి, దిశ మారాక నవంబరులో మరోసారి అదే రాళ్ల దగ్గర చూడాలి. మొదటి విడతలో చిన్న పిల్లలు మాత్రమే దొరికి, రెండో విడతలో ఏవీ కనిపించకపోతే అవి కొట్టుకొచ్చి చనిపోతున్నాయని అనుమానించవచ్చు. రెండు విడతల్లోనూ పెద్దవి ఉండి, పొట్ట ఎడమవైపు గుడ్ల గుత్తి మోస్తున్న ఆడపీతలు కూడా కనిపిస్తే, ఆ జాతి ఇక్కడే కాపురం పెట్టిందన్న మాటకు బలం వస్తుంది. అప్పటివరకు జిల్లా పట్టికలో కాల్సినస్ ఎదుట ప్రశ్నార్థకం ఉంచాలి, క్లిబనేరియస్, డయోజెనిస్ ప్రజాతుల మీద పని ఈ చలికాలమే మొదలుపెట్టవచ్చు.